సైన్యం నిజంగా బ్యారక్‌లకు తిరిగి వెళ్లిందా? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

నియంతృత్వం పోయి ప్రజాస్వామ్యం వస్తున్న దేశాల్లో సైన్యం ఏం చేస్తుంది, ఏం చేయనివ్వదు అన్న విషయం మీద వచ్చిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈసారి జవాబులు. అభిప్రాయాల కన్నా చట్టాలు, తేదీలు, సీట్ల లెక్కలు ముందు పెట్టాం. అసలు సంగతంతా వాటిలోనే ఉంది.

ప్రశ్న: ఎన్నికల్లో నియంత ఓడిపోయాక కూడా ఆ దేశంలో సైన్యం పెత్తనం సాగుతోందని రాస్తుంటారు. ఓడిపోయినవాడి చేతిలో ఇంకా ఏం మిగులుతుంది?
– డిగ్రీ విద్యార్థిని, నంద్యాల

జవాబు: గద్దె దిగకముందు రాసిపెట్టుకున్న చట్టాలు మిగులుతాయి. దీనికి చిలీని మించిన ఉదాహరణ లేదు.

జనరల్ పినోచెట్ 1973 సెప్టెంబరు 11న అధికారం లాక్కున్నాడు. 1980లో సొంత రాజ్యాంగం రాయించుకున్నాడు. దాని ప్రకారమే 1988 అక్టోబరు 5న రిఫరెండం పెట్టి, మరో ఎనిమిదేళ్లు తానే ఉండాలా అని జనాన్ని అడిగాడు. దాదాపు 56 శాతం వద్దన్నారు. ఆ రాత్రి ప్రభుత్వం ఫలితాలు చెప్పకుండా సాగదీస్తుంటే, జుంటా (సైనిక పాలక మండలి) సభ్యుడైన వైమానిక దళాధిపతి మాత్తెయ్ అధ్యక్ష భవనంలోకి వెళ్తూ వెళ్తూ ‘వద్దు’ గెలిచినట్టేనని విలేకరుల ముందు చెప్పేశాడు. ప్రత్యేకాధికారాలు ఇమ్మని పినోచెట్ అడిగితే తోటి కమాండర్లు ఒప్పుకోలేదు. అక్కడితో ఆయన దిగక తప్పలేదు. కానీ దిగేలోపు దాదాపు ఏడాదిన్నర వ్యవధి దొరికింది. 1980 రాజ్యాంగంలోని నిబంధనలకు తోడు ఆ వ్యవధిలో ఇంకొంత నష్టం జరిగింది.

సెనేట్ సంగతి చూడండి. ప్రజలు ఎన్నుకునే 38 మందికి తోడు 9 మంది నామినేటెడ్ సభ్యులు. వాటిలో నాలుగు సీట్లు ముగ్గురు మాజీ దళాధిపతులకు, ఒక మాజీ పోలీసు అధిపతికి. ఆ నలుగురిని ఎంపిక చేసేది జాతీయ భద్రతా మండలి. 1989 డిసెంబరు ఎన్నికల్లో ప్రజాస్వామ్య కూటమి 38లో 22 స్థానాలు గెలిచింది. ఎక్కడైనా అది మెజారిటీయే. కానీ ప్రత్యర్థుల 16కి ఈ 9 కలిపితే 25 అయింది. జనం గెలిపించిన కూటమి సెనేట్‌లో అడుగు పెట్టేసరికి మైనారిటీలో పడింది. రాజ్యాంగ సవరణ మాట అటుంచండి, మామూలు బిల్లుకు కూడా అవతలి పక్షాన్ని బతిమాలుకోవాలి.

ఇక సైన్యాధిపతి కుర్చీ. 1990 మార్చి 11న పినోచెట్ అధ్యక్ష పదవిని ఎన్నికల్లో గెలిచిన ఐల్విన్‌కు అప్పగించాడు గాని, ఆర్మీ కమాండర్ పదవిని 1998 మార్చి దాకా వదల్లేదు. దళాధిపతులను పదవీకాలం మధ్యలో తీసేయాలంటే భద్రతా మండలి ఒప్పుకోవాలి. ఆ మండలిలో సగం మంది ఆ దళాధిపతులే. పదవి అప్పగించడానికి పన్నెండు రోజుల ముందు, 1990 ఫిబ్రవరి 27న, ఇంకో చట్టం వచ్చింది. ధరల పెరుగుదల కలిపి లెక్కేస్తే సైనిక బడ్జెట్ 1989 స్థాయికి తగ్గకూడదని అందులో రాశారు. ప్రమోషన్ల జాబితా సైన్యమే తయారు చేస్తుంది.

దీని ఫలితం 1993 మే 28న కనిపించింది. పినోచెట్ కొడుక్కి ఆర్మీ చెక్కుల ద్వారా డబ్బు చేరిందన్న కేసు మళ్లీ కదిలింది. అధ్యక్షుడు విదేశాల్లో ఉన్న సమయం చూసి, యుద్ధ దుస్తుల్లో, నల్ల టోపీలు పెట్టుకున్న సైనికులు అధ్యక్ష భవనానికి కూతవేటు దూరంలోని ఆర్మీ కార్యాలయం ముందు మోహరించారు. ఒక్క తూటా పేలలేదు. అయినా రెండేళ్లకు ప్రభుత్వమే ‘రాజ్య ప్రయోజనాల’ పేరు చెప్పి ఆ కేసు ఆపించింది. సైన్యం పెత్తనం అంటే రోజూ ట్యాంకులు తిరగడం కాదు, ట్యాంకులు వస్తాయేమోనన్న భయంతో పౌర ప్రభుత్వం తన ఫైళ్లు తానే మూసేసుకోవడం.

నామినేటెడ్ సెనేటర్లు, దళాధిపతులను కదపరాదన్న నిబంధన 2005లో అధ్యక్షుడు లాగోస్ హయాంలో గాని పోలేదు. అది కూడా ప్రతిపక్షం మనసు మారి కాదు. కొత్త అధ్యక్షులు తమవాళ్లను నామినేట్ చేయడం, మాజీ అధ్యక్షుడు ఫ్రేయ్ జీవితకాల సెనేటర్ కావడంతో ఆ కుర్చీలు ప్రజాస్వామ్య కూటమికి దక్కడం మొదలైంది. తమకు లాభం లేని నిబంధనను కాపాడుకోవడం ఎందుకని మితవాద పార్టీలు చేతులెత్తేశాయి.

ప్రశ్న: బడ్జెట్‌ను పార్లమెంటే ఆమోదిస్తుంది కదా. అలాంటప్పుడు సైన్యం పౌర ప్రభుత్వాన్ని లెక్క చేయకుండా ఎలా ఉండగలుగుతుంది? విడిగా డబ్బు ఎక్కడిది?
– రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, కాకినాడ

జవాబు: విడిగా డబ్బు ఉంటుందండీ. అది రెండు దారుల్లో వస్తుంది.

ఒకటి చిలీ దారి. ప్రభుత్వ రాగి గనుల సంస్థ కొడెల్కో విదేశాలకు అమ్మే రాగి విలువలో 10 శాతం ఆయుధాల కొనుగోలుకు వెళ్లాలని చట్టం ఉండేది. లాభంలో 10 శాతం కాదు, అమ్మకంలో. ఈ రెంటికీ తేడా మీకు వేరే చెప్పనక్కర్లేదు: గని ఆ ఏడాది నష్టపోయినా సైన్యం వాటా సైన్యానికి పోవాల్సిందే. ఆ సొమ్మును మూడు దళాలూ సమానంగా పంచుకునేవి. చట్టం పాఠం కూడా రహస్యమే. 2016లో గాని బయటికి రాలేదు. 2000 తర్వాత రాగి ధర ఎగబాకినప్పుడు ఎఫ్-16 విమానాలు, జర్మనీ నుంచి లెపర్డ్ ట్యాంకులు వచ్చి చేరాయి. పొరుగు దేశం నుంచి ముప్పు పెరిగిందా అని అడిగే అవకాశం పార్లమెంటుకు లేదు, ఎందుకంటే ఆ డబ్బు పార్లమెంటు గడప తొక్కదు. 2019లో ఈ పద్ధతి రద్దయింది. అంటే పౌర ప్రభుత్వం వచ్చిన 29 ఏళ్లకు.

రెండోది ఇండోనేషియా దారి. ఖజానా నుంచి తక్కువ ఇచ్చి, మిగతాది మీరే సంపాదించుకోండని వదిలేయడం. నియంత సుహార్తో కాలంలో ఒక్కో దళానికీ ఫౌండేషన్లు, సహకార సంఘాలు, వాటి కింద కలప కంపెనీలు, హోటళ్లు, రియల్ ఎస్టేట్. అవి కాక ప్రైవేటు గనులకు, తోటలకు డబ్బు తీసుకుని కాపలా. సైన్యానికి అయ్యే ఖర్చులో మూడో వంతు కూడా బడ్జెట్ నుంచి రావడం లేదని ఒకప్పుడు అధికారులే చెప్పేవారు. ఇందులో చెడేది కేవలం లెక్కల పారదర్శకత కాదు. జీతం ఒకరిస్తూ, పై ఖర్చు ఇంకొకరిస్తుంటే జిల్లాలో ఉన్న కమాండర్ ఎవరి మాట వింటాడు? అక్కడి కలప వ్యాపారి మాటే వింటాడు.

2004 నాటి సైనిక చట్టం, ఐదేళ్లలో సైన్యం వ్యాపారాలన్నీ ప్రభుత్వం స్వాధీనం చేసుకోవాలంది. గడువు ముగిసేసరికి పెద్ద కంపెనీలు చాలావరకు అమ్ముడుపోవడమో మునిగిపోవడమో అయింది. ఫౌండేషన్లు, సహకార సంఘాలు మాత్రం సైనికుల సంక్షేమం పేరుతో మిగిలిపోయాయి. ఇక్కడ పని వరస ముఖ్యం. ముందు జీతాలు, ఇళ్లు, ఇంధనం ఖర్చు పూర్తిగా బడ్జెట్‌లోకి తేవాలి. ఆ తర్వాత వ్యాపారం మానమనాలి. ఇవ్వాల్సింది ఇవ్వకుండా మానమంటే చట్టం కాగితం మీదే ఉంటుంది.

మయన్మార్ సైన్యానిదీ ఈ రెండో దారే, ఇంకా పెద్ద ఎత్తున. 1990లో పెట్టిన ఎంఈహెచ్‌ఎల్, తర్వాత వచ్చిన ఎంఈసీ అనే రెండు సంస్థలు బీరు నుంచి జేడ్ రాయి గనుల దాకా, బ్యాంకు నుంచి సిగరెట్ల దాకా చేయని వ్యాపారం లేదు.

ప్రశ్న: మా తాతగారి కుటుంబం 1964లో రంగూన్ వదిలి వచ్చేసింది. ఆంగ్ సాన్ సూకీ పార్టీ 2015లో, 2020లో అంత మెజారిటీతో గెలిచింది కదా. 2021 ఫిబ్రవరి 1న ఒక్క పూటలో సైన్యం అంతా ఎలా లాగేసుకుంది?
– గృహిణి, విశాఖపట్నం

జవాబు: అమ్మా, మీ తాతగారిలా నె విన్ ప్రభుత్వం దుకాణాలు, వ్యాపారాలు జాతీయం చేశాక బతుకుతెరువు పోయి ఓడెక్కిన తెలుగు కుటుంబాలు ఎన్నో. 1962 మార్చి 2న మొదలైన ఆ సైనిక పాలన కథ ఇప్పటికీ ముగియలేదు. మీ ప్రశ్నకు జవాబు 2008 రాజ్యాంగంలో ఉంది.

ఆ రాజ్యాంగం మీద రిఫరెండం పెట్టిన సమయమే దాని స్వభావం చెబుతుంది. 2008 మే మొదటి వారంలో నర్గీస్ తుపాను ఇరావతి డెల్టాను ఊడ్చేసింది. శవాలు నీళ్లలో తేలుతుండగా మే 10న ఓటింగ్ మొదలుపెట్టారు. 92 శాతానికి పైగా ఔనన్నారని ప్రకటించారు.

ఉభయ సభల్లో కలిపి 664 సీట్లు. అందులో 166, అంటే సరిగ్గా పావు వంతు, సైన్యాధిపతి నియమించే యూనిఫాం ఎంపీలవి. కీలకమైన అధికరణాలు సవరించాలంటే 75 శాతం కన్నా ‘ఎక్కువ’ ఓట్లు కావాలి. 664లో 75 శాతం 498. ఎన్నికయ్యే సీట్లు కూడా 498. అంటే దేశంలో ఎన్నికైన ప్రతి సభ్యుడూ, అన్ని పార్టీలవాళ్లూ, ఒక్కరూ మానకుండా చేయెత్తినా ఇంకొక్క ఓటు తక్కువ. ఆ ఒక్క ఓటు యూనిఫాం వేసుకుని ఉంటుంది. ఇంత కచ్చితంగా కొలిచి వేసిన తాళం ఇంకే రాజ్యాంగంలోనూ మేం చూడలేదు. 2020 మార్చిలో సూకీ పార్టీ సవరణలు పెట్టి ఓడిపోయింది కూడా దీనివల్లే.

దీని పక్కన ఇంకో మెలిక. రక్షణ, హోం, సరిహద్దు వ్యవహారాల మంత్రులను సూచించేది సైన్యాధిపతి. హోం శాఖ చేతిలో ఉందంటే పోలీసులు ఉన్నట్టే. జిల్లా, తాలూకా స్థాయి పరిపాలన చూసే సాధారణ పరిపాలనా విభాగం కూడా 2018 డిసెంబరు దాకా ఆ శాఖ కిందే ఉండేది. అప్పటిదాకా తాలూకా ఆఫీసులో గుమాస్తా నుంచి ఠాణాలో కానిస్టేబుల్ దాకా ఎన్నికైన ప్రభుత్వానికి లోబడినవాళ్లు కారు.

ఇక 2021 ఫిబ్రవరి 1 ఉదయం. 2020 నవంబరులో సూకీ పార్టీ ఎన్నిక జరిగిన 476 సీట్లలో 396 గెలిచింది. ఆ రోజే కొత్త పార్లమెంటు కొలువుదీరాలి. తెల్లవారకముందే అధ్యక్షుడు విన్ మ్యిన్‌ను నిర్బంధించారు. అనారోగ్య కారణంతో రాజీనామా చేయమన్నారని, తాను ఒప్పుకోలేదని ఆయన తర్వాత కోర్టులో చెప్పారు. ఆయన ఒప్పుకోకపోయినా, అధ్యక్ష స్థానం ఖాళీ అయిందని చెప్పి ఉపాధ్యక్షుడు మ్యిన్ స్వేను తాత్కాలిక అధ్యక్షుణ్ని చేశారు. ఆయన మాజీ జనరల్. ఉపాధ్యక్ష పదవికి ఆయన్ను నామినేట్ చేసింది యూనిఫాం ఎంపీలే. ఆయన 417వ సెక్షన్ కింద అత్యవసర పరిస్థితి మీద సంతకం పెట్టి, 418వ సెక్షన్ కింద శాసన, కార్యనిర్వాహక, న్యాయ అధికారాలన్నీ సైన్యాధిపతి మిన్ ఆంగ్ హ్లైంగ్‌కు అప్పగించాడు. అందుకే ఇదంతా రాజ్యాంగం ప్రకారమే చేశామని సైన్యం ఇప్పటికీ వాదిస్తుంది. నిజానికి అధ్యక్షుణ్ని బంధించి సృష్టించిన ఖాళీ ఖాళీ కానే కాదు. కానీ ఆ కుర్చీ ఖాళీ అయితే ఎవరి చేతిలో పడాలో 2008లోనే రాసి ఉంచారు.

ఇంకో తేదీ గుర్తుంచుకోండి. ఆ సైన్యాధిపతికి 2021 జూలైలో 65 ఏళ్లు నిండి పదవీ విరమణ చేయాల్సి ఉంది.

ప్రశ్న: నియంత పాలనలో హత్యలు చేసిన అధికారులను శిక్షిస్తే సైన్యం తిరగబడుతుందంటారు, వదిలేస్తే న్యాయం చచ్చిపోతుంది. ఏది సరి?
– న్యాయవాది, గుంటూరు

జవాబు: శిక్షించాలి. అయితే ఏ వరసలో అన్నది తేల్చుకోకుండా దిగితే ఏమవుతుందో అర్జెంటీనా చూపించింది.

1982 జూన్‌లో మాల్వినాస్ (ఫాక్‌లాండ్) దీవుల యుద్ధంలో బ్రిటన్ చేతిలో ఓడి అక్కడి జుంటా పరువు పోగొట్టుకుంది. వెళ్తూ వెళ్తూ తమకు తామే క్షమాభిక్ష చట్టం రాసుకున్నారు. 1983 డిసెంబరు 10న గద్దెనెక్కిన పౌర అధ్యక్షుడు అల్ఫోన్సిన్ ఆ చట్టాన్ని ఆ నెలలోనే రద్దు చేయించాడు. చిలీకీ అర్జెంటీనాకూ ఇక్కడే తేడా: ఓడిపోయిన సైన్యానికి బేరమాడే బలం లేకపోయింది.

ముందు సైనిక కోర్టుకే అవకాశమిచ్చారు. సీనియర్లు ఇచ్చిన ఆదేశాల్లో తప్పు పట్టాల్సిందేమీ లేదని ఆ కోర్టు 1984లో తేల్చింది. దాంతో బ్యూనస్ ఎయిర్స్ ఫెడరల్ కోర్టు కేసును తన చేతిలోకి తీసుకుంది. 1985 ఏప్రిల్ 22 నుంచి విచారణ. 800 మందికి పైగా సాక్షులు. డిసెంబరు 9న తీర్పు: తొమ్మిది మంది కమాండర్లలో విదేలా, మస్సేరాలకు యావజ్జీవం, మరో ముగ్గురికి వేర్వేరు జైలుశిక్షలు, నలుగురు నిర్దోషులు. దేశాన్నేలిన జనరళ్లను ఆ దేశపు మామూలు కోర్టే విచారించి జైలుకు పంపింది. అంతకు ముందు లాటిన్ అమెరికాలో అలాంటిది జరగలేదు.

చెడింది ఆ తర్వాత. కింది అధికారుల మీద కూడా విచారణ సాగాలని అదే తీర్పు చెప్పింది. పైవాళ్లు వృద్ధులు, రిటైరైనవాళ్లు, వాళ్ల చేతిలో దళాలు లేవు. కానీ సైన్యం గద్దెనెక్కిన 1976లో కెప్టెన్‌గా ఉన్నవాడు 1986కల్లా బెటాలియన్ నడుపుతున్నాడు. సమన్లు అందుకునేవాడి చేతిలోనే తుపాకులున్నాయి. ప్రభుత్వం బెదిరి 1986 డిసెంబరులో ‘పూర్ణవిరామం’ చట్టం తెచ్చింది: 60 రోజుల్లో నోటీసు అందనివారిపై ఇక కేసు ఉండదు. అది బెడిసికొట్టింది. జడ్జీలు జనవరి సెలవులు రద్దు చేసుకుని రాత్రింబవళ్లు కూర్చుని వందల మందికి సమన్లు పంపారు. 1987 ఏప్రిల్‌లో ఈస్టర్ వారంలో లెఫ్టినెంట్ కల్నల్ ఆల్దో రీకో కాంపో దె మాయో స్థావరంలో తిరుగుబాటు లేవదీశాడు. జూన్‌లో ‘విధేయత’ చట్టం వచ్చింది. ఆదేశాలు పాటించామన్న వాదనతో కింది స్థాయి అధికారులు తప్పించుకున్నారు. తర్వాత అధ్యక్షుడు మెనెమ్ జనరళ్లకు కూడా క్షమాభిక్ష పెట్టాడు.

అయినా ఆ పోరాటం వృథా కాలేదు. 1988లో వచ్చిన రక్షణ చట్టం, సైన్యం పని బయటి శత్రువుతోనే, అంతర్గత భద్రత దాని పని కాదని గీత గీసింది. 1990 డిసెంబరు 3 నాటి చివరి తిరుగుబాటును సైన్యమే అణిచేసింది. 2003లో పార్లమెంటు, 2005లో సుప్రీంకోర్టు ‘పూర్ణవిరామం’, ‘విధేయత’ చట్టాలను కొట్టేశాయి. అప్పటికి నిందితులు రిటైరై ఇళ్లలో ఉన్నారు, కదిలించడానికి వాళ్ల వెనక బెటాలియన్లు లేవు. కేసులు మళ్లీ మొదలయ్యాయి.

మీరు న్యాయవాది కాబట్టి చిలీ కోర్టు పట్టుకున్న చట్టపు పాయింటు కూడా చెప్పాలి. అక్కడ 1978 క్షమాభిక్ష డిక్రీ 1973 సెప్టెంబరు నుంచి 1978 మార్చి దాకా జరిగిన నేరాలకు వర్తిస్తుంది. మనిషిని ఎత్తుకుపోయారు, శవం దొరకలేదు. అయితే అపహరణ నేరం ఇంకా కొనసాగుతున్నట్టే లెక్క, 1978తో ముగియలేదు, కాబట్టి ఆ డిక్రీ వర్తించదు. 1999లో చిలీ సుప్రీంకోర్టు ఈ వాదనను నిలబెట్టింది. చట్టాన్ని రద్దు చేయించే బలం పార్లమెంటుకు లేనప్పుడు దాని అక్షరాలతోనే దాన్ని ఓడించడం ఇది.

ప్రశ్న: ఇండోనేషియా సైన్యం పార్లమెంటు సీట్లు తనంతట తానే వదులుకుందని చదివాను. అదెలా జరిగింది?
– టీచర్, ఖమ్మం

జవాబు: మెట్టు మెట్టుగా జరిగింది. 1998 మే 21న సుహార్తో రాజీనామా చేసేనాటికి పార్లమెంటులో సైన్యానికి 75 నామినేటెడ్ సీట్లు. 1999లో 38కి తగ్గించారు, 2004లో అసలే లేవు. 1999 ఏప్రిల్ 1న పోలీసులను సైన్యం నుంచి విడదీశారు. ఒక్కసారే లాక్కుని ఉంటే ఎదురుతిరిగేవారేమో. ఐదేళ్ల గడువు, మధ్యలో సగం కోత ఇవ్వడంతో సర్దుకున్నారు. పైగా 2004 నుంచి అధ్యక్షుణ్ని ప్రజలే నేరుగా ఎన్నుకునే పద్ధతి వచ్చింది; అధ్యక్షుణ్ని ఎన్నుకునే సభలో కుర్చీ ఉంటేనే దానికి విలువ.

అయితే సీట్లు పోయినా ఊళ్లలో పట్టు పోలేదు. ఇండోనేషియాలో రాష్ట్రం, జిల్లా, మండలం, ఊరు అని పరిపాలన ఎన్ని మెట్లుందో సైన్యానికీ అన్ని మెట్లున్నాయి. జిల్లా అధికారికి జోడీగా కొదిమ్ కమాండర్, మండలంలో కొరమిల్, ఊరికొక బబిన్సా అనే జూనియర్ సైనికాధికారి. ఊళ్లో ఎవరి పెళ్లి, ఎవరి భూతగాదా, ఎవరు సభ పెడుతున్నారు అన్నీ బబిన్సాకు తెలుస్తాయి. ఈ వ్యవస్థను ఏ సంస్కరణా ముట్టుకోలేదు. మామూలు నేరం చేసిన సైనికుణ్ని మామూలు కోర్టుకు పంపాలని 2004 చట్టంలో రాశారు గాని, 1997 నాటి సైనిక కోర్టుల చట్టాన్ని సవరించలేదు. అందుకని ఆ కేసులు సైనిక కోర్టుకే పోతున్నాయి.

2025 మార్చిలో గాలి ఎదురు తిరిగింది. సర్వీసులో ఉన్న అధికారులు పనిచేయదగిన పౌర సంస్థల సంఖ్యను 10 నుంచి 14కి పెంచుతూ చట్టం మార్చారు. విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. వాళ్ల ఆందోళన సబబే. సుహార్తో కాలంలో కూడా సైన్యం పార్లమెంటు కన్నా ఎక్కువగా ఇలాంటి ఉద్యోగాల్లోనే పాతుకుపోయింది.

ప్రశ్న: ఏదైనా దేశంలో ఇలాంటి మార్పు జరుగుతుంటే పేపర్లో ఏ వార్త చూడాలి? ఎన్నికల ఫలితాలు చూస్తే సరిపోదా?
– పోటీ పరీక్షల అభ్యర్థి, కరీంనగర్

జవాబు: ఎన్నికల ఫలితం పక్కనే ఆ వారంలో వెలువడిన ఆర్డినెన్సులు చూడండి. ఈజిప్టులో 2012 జూన్ 17న అధ్యక్ష ఎన్నికల పోలింగ్ ముగుస్తుండగానే సైనిక మండలి ఒక ప్రకటన జారీ చేసి, శాసనాధికారం, బడ్జెట్ తన చేతిలో పెట్టుకుంది. గెలిచిన మోర్సీ ఆగస్టు 12న ఆ ప్రకటనను రద్దు చేసి, రక్షణ మంత్రి తంతావీని ఇంటికి పంపాడు. ప్రపంచమంతా భేష్ అంది. కానీ ఆ స్థానంలో తెచ్చింది సైనిక నిఘా అధిపతి సిసీని. అదే ఏడాది వచ్చిన రాజ్యాంగం రక్షణ మంత్రి సైనికాధికారే అయి ఉండాలంది. మనిషి మారాడు, పద్ధతి అలాగే ఉంది. 2013 జూలై 3న ఆ సిసీయే గద్దె దించగా మోర్సీ నిర్బంధం పాలయ్యాడు.

రాజ్యాంగం దొరికితే అత్యవసర పరిస్థితి అధికరణం, ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేసే అధికరణం ముందు చదవండి. పాకిస్తాన్‌లో సైనిక పాలకుడు జియా 1985లో చేర్చిన 58(2)(బి) అధికరణం అధ్యక్షుడికి జాతీయ అసెంబ్లీని రద్దు చేసే అధికారమిచ్చింది. జియా 1988 ఆగస్టులో విమాన ప్రమాదంలో పోయాడు. ఆయన రాసిన అధికరణం 1990, 1993, 1996లలో ఎన్నికైన ప్రభుత్వాలను కూల్చింది. 1997లో తీసేస్తే ముషారఫ్ కాలంలో తిరిగొచ్చింది. 2010లో గాని పూర్తిగా పోలేదు.

ప్రశ్న: 1948లో మన హైదరాబాదులో కూడా మిలిటరీ గవర్నర్ పాలించాడు కదా. ఆయన ఎలా దిగిపోయాడు?
– పాఠకుడు, వరంగల్

జవాబు: మేజర్ జనరల్ జె.ఎన్.చౌధురి 1948 సెప్టెంబరు నుంచి 1949 డిసెంబరు చివరి దాకా మిలిటరీ గవర్నర్‌గా ఉన్నారు. తర్వాత ఐసీఎస్ అధికారి వెల్లోడి ముఖ్యమంత్రి అయ్యారు. 1952 ఎన్నికల తర్వాత బూర్గుల రామకృష్ణారావు. చౌధురి దిగిపోవడానికి బేరాలు అక్కర్లేకపోయాయి. ఆయన జీతం, ప్రమోషన్, బదిలీ అన్నీ ఢిల్లీలోని పౌర ప్రభుత్వం చేతిలో ఉన్నాయి. ఉత్తర్వు రాగానే తప్పుకున్నారు, ఆ తర్వాత ఆర్మీ చీఫ్ కూడా అయ్యారు. పైన చెప్పిన దేశాల్లో లేనిది ఇదే.

అంతమాత్రాన ఆ రోజులు సాఫీగా గడిచాయని అనుకోకండి. పోలీసు చర్య తర్వాత జరిగిన హత్యాకాండ మీద పండిట్ సుందర్‌లాల్ కమిటీ ఇచ్చిన నివేదికను దశాబ్దాల పాటు బయటపెట్టలేదు. తెలంగాణ రైతాంగ పోరాటం మీద సైనిక చర్య 1951 దాకా సాగింది. పౌర ప్రభుత్వం చేతిలో ఉన్న సైన్యం తప్పు చేస్తే దానికి జవాబుదారీ పౌర ప్రభుత్వమే.

ప్రశ్న: దక్షిణ కొరియాలో 2024లో మార్షల్ లా ఆరు గంటల్లోనే ఎందుకు విఫలమైంది?
– సాఫ్ట్‌వేర్ ఇంజినీర్, హైదరాబాద్

జవాబు: దానికి పునాది 1993లో పడింది. 1979 డిసెంబరు 12న జనరల్ చున్ దూ-హ్వాన్ అధికారం కోసం కుట్ర నడిపింది హనాహో అనే రహస్య అధికారుల ముఠాతో, తన చేతిలో ఉన్న సైనిక నిఘా విభాగంతో. కిమ్ యంగ్-సామ్ 1993 ఫిబ్రవరి 25న అధ్యక్షుడయ్యాడు. మార్చి 8న, అంటే రెండు వారాలు తిరగకముందే, ఆర్మీ చీఫ్‌ను, ఆ నిఘా విభాగం అధిపతిని ఒకేసారి మార్చేశాడు. ముఠా కూడబలుక్కునే వ్యవధి ఇవ్వలేదు. తర్వాత నెలల తరబడి హనాహో సభ్యులను ఒక్కొక్కరినీ కీలక పదవుల నుంచి ఏరేశారు. 1996లో చున్‌కు, ఆయన తర్వాత అధ్యక్షుడైన రో తే-వూకు కోర్టు శిక్ష వేసింది. 1997 డిసెంబరులో క్షమాభిక్షతో బయటికొచ్చినా, కుట్ర చేసినవాడు బోనెక్కాల్సి వస్తుందని ప్రతి అధికారికీ తెలిసింది.

2024 డిసెంబరు 3 రాత్రి పదిన్నర ప్రాంతంలో అధ్యక్షుడు యూన్ మార్షల్ లా ప్రకటించాడు. పార్లమెంటులో సగానికి మించి సభ్యులు కోరితే మార్షల్ లా ఎత్తేయాల్సిందేనని వాళ్ల రాజ్యాంగం 77వ అధికరణం చెబుతుంది. కొందరు ఎంపీలు గోడలు దూకి లోపలికి చేరారు. అర్ధరాత్రి దాటాక ఒంటిగంట ప్రాంతంలో సభలో ఉన్న 190 మందీ రద్దుకు ఓటేశారు. బయట జనం, లోపలికి వచ్చిన దళాల్లో తుపాకీ పేల్చడానికి ఇష్టపడని సైనికులు. తెల్లవారుజామున నాలుగున్నరకల్లా ఎత్తేశారు. డిసెంబరు 14న యూన్‌ను అభిశంసించారు, 2025 ఏప్రిల్ 4న రాజ్యాంగ న్యాయస్థానం పదవి నుంచి తొలగించింది.

ఇక్కడ కలవరపెట్టే విషయం ఒకటుంది. ఆ రాత్రి ప్రముఖంగా వినిపించిన పేర్లలో సైనిక నిఘా కమాండ్ ఉంది. 1979లో కుట్ర నడిపిన విభాగానికి అది వారసురాలు. మధ్యలో పేర్లు మార్చారు, ఒకసారి రద్దు చేసి కొత్తగా పెట్టారు. సైన్యం మీదే నిఘా వేసే అధికారమూ, రాజకీయ నాయకులను పట్టుకునే అవకాశమూ ఒకే గూటిలో ఉన్నంతకాలం పేరు మార్చి ప్రయోజనం లేదు.